పక్కింటి కుక్కకు పగ్గం లేదు, పెరటి కోడికి పరిహారం లేదు

పొరుగువాడి మేక మన చేలో పడితే ఏం చేయాలో చట్టానికి 1871 నుంచీ తెలుసు. ఆ ఏడాది వచ్చిన క్యాటిల్ ట్రెస్‌పాస్ చట్టం ప్రకారం, పంట పాడుచేస్తున్న పశువును రైతు పట్టుకోవచ్చు. 24 గంటల్లోగా బందెలదొడ్డికి తోలవచ్చు. జరిమానా, మేత ఖర్చు కట్టాకే యజమాని దాన్ని విడిపించుకోవాలి. ఆ చట్టం ‘పశువు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఏనుగు ఉంది, ఒంటె ఉంది, గాడిద, పంది, గొర్రె ఉన్నాయి. మేకపిల్లను కూడా వదల్లేదు. కుక్క మాత్రం లేదు.

అంటే మీ మేక పక్కవాడి కూరగాయల మడిలో నాలుగు ఆకులు కొరికితే దాన్ని కట్టేసే హక్కు అతనికి ఉంది. అతని కుక్క మీ పెరట్లో దూరి అదే మేకను చంపేస్తే ఆ కుక్కను పట్టుకెళ్లి అప్పగించడానికి అలాంటి దొడ్డి ఒకటి లేదు. ఈ తేడా పుస్తకంలో చిన్నది. కోళ్లూ మేకలూ పెంచుకునే చిన్న పట్టణాల్లో మాత్రం ఇది ఇరుగుపొరుగు మధ్య ఏళ్ల తరబడి మాటలు లేకుండా చేసేంత పెద్దది.

ఛత్తీస్‌గఢ్‌లోని కోటా అలాంటి పట్టణమే. కోచింగ్ సెంటర్ల రాజస్థాన్ కోటా కాదు. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు వెళ్లే రైలు మార్గంలో ఉన్న కోటా ఇది. స్టేషన్ బోర్డు మీద కర్గీ రోడ్ అని ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు ఊరు దాటిపోయినా ఆశ్చర్యం లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ లైన్ల వెంట ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డాయి. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో తెలుగు వినపడటం కొత్తేమీ కాదు. కోటా పాలన నగర పంచాయతీది. పేరులోనే ఉన్నట్టు సగం నగరం, సగం పంచాయతీ. ఒక వీధిలో విశ్వవిద్యాలయం విద్యార్థుల అద్దె గదులు, పక్క వీధిలో మేకల కొట్టం. కుక్కల గురించి దేశంలో జరుగుతున్న చర్చ అంతా మొదటి వీధి గురించే. రెండో వీధి అందులో దాదాపు లేదు.

ఆ చర్చ ఎలా నడిచిందో ఒకసారి చూడాలి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఢిల్లీ పరిసరాల్లోని వీధి కుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచే స్వభావం ఉన్నవాటినీ మాత్రం వదలకూడదని చెప్పి, వ్యవహారాన్ని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. నవంబర్ 7న ఇంకో ఉత్తర్వు వచ్చింది. బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తొలగించాలని, మళ్లీ అక్కడే వదలరాదని అందులో ఉంది. కర్గీ రోడ్ ప్లాట్‌ఫారానికీ అది వర్తిస్తుంది. స్టేషన్ వెనక ఉన్న ఇంటి పెరటికి వర్తించదు. అక్కడ తిరిగే కుక్కకు యజమాని ఉన్నా, ఆ యజమాని దాన్ని రాత్రి విప్పి వదిలేసినా ఈ ఉత్తర్వులు దాని జోలికి పోవు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2023 మార్చిలో కేంద్రం నోటిఫై చేసిన జంతు జనన నియంత్రణ నిబంధనలు కుక్కల్ని రెండు గదుల్లో పెట్టాయి: పెంపుడువి, వీధివి. పెంపుడు కుక్కకు టీకా, ఆపరేషన్ యజమాని బాధ్యత. వీధి కుక్కకు అవి స్థానిక సంస్థ బాధ్యత. మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఎక్కువ కుక్కలు ఈ రెండు గదుల్లో దేంట్లోనూ ఉండవు. వాటికి ఒక పేరుంటుంది, ఒక గడప ఉంటుంది, రెండు పూటలా ఆ గడప దగ్గర కాస్త అన్నం ఉంటుంది. గొలుసు ఉండదు, టీకా ఉండదు, గేటు ఉండదు. రాత్రి దొంగ వస్తే అది ‘మా కుక్క’. పొద్దున పక్కింటి పెట్టను పీకేస్తే ‘అది మాది కాదండీ, వీధి కుక్క, జాలికి రెండు ముద్దలు పెడతాం అంతే’. యాజమాన్యం అవసరాన్ని బట్టి వస్తూ పోతూ ఉంటుంది.

పోయేదాని లెక్క

ఒక పెట్ట చచ్చిపోతే పోయేది ఎంత? సంతలో దాని ధర చెప్పి చేయి దులుపుకోవడం కుక్క యజమాని లెక్క. పెంచినావిడ లెక్క వేరు. పొదిగే పెట్ట 21 రోజులు గంప కింద కూర్చుంటుంది. పిల్లలు బయటికి వచ్చాక వారాల తరబడి రెక్కల కింద కాపాడుతుంది. మధ్యలో అది పోతే పిల్లల్లో సగం గద్దకూ కాకికీ పోతాయి. మేకకు చూలు కాలం సుమారు 150 రోజులు. చూలుతో ఉన్న మేకను కుక్క తరిమితే కాటు పడకపోయినా ఈసుకుపోవచ్చు. ఆ నష్టానికి గాయం ఆనవాలు కూడా ఉండదు, చూపించి అడగడానికి.

ఈ సంపద చిన్నది కాదు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే దాదాపు 46 శాతం ఎక్కువ. మేకలు 14.9 కోట్లు. అదే గణనలో వీధి కుక్కలు 1.53 కోట్లుగా తేలాయి, 2012లో 1.71 కోట్లు ఉండేవి. పెరటి కోళ్లు ఇలా పెరగడానికి ప్రభుత్వ ప్రోత్సాహం ఒక కారణం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. ఛత్తీస్‌గఢ్‌లో గత ప్రభుత్వం ‘నర్వా, గరువా, ఘురువా, బారీ’ అనే నినాదంతో పథకమే నడిపింది. అందులో చివరి మాట బారీకి అర్థం పెరడు. మహిళా సంఘాలకు పిల్లలు ఇస్తారు, దాణా చెబుతారు, టీకా చెబుతారు. కుక్క వస్తే ఏం చేయాలో ఆ చీటీలో ఉండదు.

పెరటి కోడి డబ్బు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతి డబ్బు. ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకునే నాలుగు రూపాయలు. అందుకే ఈ నష్టం మీద పంచాయితీ పెట్టడానికి ఇంట్లో మగవాళ్లు కూడా అంత ఉత్సాహం చూపరు. ‘కోడి కోసం పక్కింటాయనతో గొడవెందుకు’ అన్నమాట ముందు ఇంట్లోనే వినపడుతుంది.

సెక్షన్లు ఉన్నాయి, కోడి లేదు

‘కుక్క యజమాని మీద కేసు పెట్టొచ్చు’ అని సలహా ఇచ్చేవాళ్లు సాధారణంగా చూపించేది భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్. తన దగ్గరున్న జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉన్నవారికి ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 289లో జరిమానా వెయ్యి రూపాయలే ఉండేది, ఇప్పుడు పెరిగింది. కానీ సెక్షన్ చివరిదాకా చదివితే ఉత్సాహం తగ్గుతుంది. మనిషి ప్రాణానికి ముప్పు లేదా మనిషికి తీవ్ర గాయం అయ్యే ప్రమాదం ఉంటేనే అది వర్తిస్తుంది. కోడికి, మేకకు కాదు.

మిగిలింది ‘మిస్చిఫ్’ నేరం, అంటే ఆస్తికి నష్టం కలిగించడం, 324వ సెక్షన్. నష్టం కలిగించాలన్న ఉద్దేశం గానీ, కలుగుతుందన్న ఎరుక గానీ ఉందని చూపించాలి. తాళ్లు విప్పి వదిలేసి ఇంట్లో పడుకున్నవాడికి ఉద్దేశం ఉందని ఎవరు రుజువు చేస్తారు? తమాషా ఏమిటంటే, ఇదే నేరానికి చట్టం ఇచ్చిన ఉదాహరణల్లో ఇతరుల పొలంలోకి పశువులను తోలడం ఉంది. మళ్లీ మేకే నేరంలో ఇరుక్కుంది, కుక్క కాదు.

ఇక మేక యజమాని కోపంతో కుక్కను చంపితే? 325వ సెక్షన్. జంతువును చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం చేసినా ఐదేళ్ల దాకా జైలు. దానికి తోడు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అని సామెత. చట్టంలో ఆ చెప్పు దెబ్బకే శిక్ష పెద్దది. కుక్క మేక మీద పడి ఉన్న క్షణంలో విడిపించడానికి కర్ర తీసుకుంటే పరిస్థితి వేరు. పెద్ద నష్టాన్ని తప్పించడానికి, దురుద్దేశం లేకుండా చేసిన పని నేరం కాదనే 19వ సెక్షన్ ఆసరా అప్పుడు దొరకవచ్చు. మర్నాడు వెతికి కొడితే దొరకదు.

విషం సంగతి చట్టంతోనే ఆగదు. పురుగుమందు కలిపిన మాంసం ముక్కను ఎవరి కుక్క తింటుందో పెట్టినవాడి చేతిలో ఉండదు. కాకి తింటుంది, పిల్లి తింటుంది, చివరికి తన కోళ్లే గెలుకుతాయి. కరెంటు తీగ సంగతి మరీ ప్రమాదం. పొలానికో పెరటికో మెయిన్స్ నుంచి నేరుగా తీగ లాగడం నేరం. అడవి పందుల కోసం ఇలా పెట్టిన తీగలకు ఛత్తీస్‌గఢ్‌లో ఏనుగులు, మనుషులు కూడా బలయ్యారు.

పగ ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే తెలంగాణలో ఒక ఉదాహరణ ఉంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో రాత్రిపూట వచ్చినవాళ్లు సుమారు 20 వీధి కుక్కలను తుపాకీతో కాల్చేశారు. తర్వాత పోలీసులు చెప్పిన కారణం: నిందితుల్లో ఒకరి పెంపుడు కుక్కను ఆ ఊరి కుక్కలు చంపాయి. పోయింది కుక్క కాబట్టి కుక్కల మీద తీర్చుకున్న పగ అది. పోయింది గొర్రె అయితే ఆ కోపం తక్కువగా ఉంటుందని అనుకోవడానికి కారణం లేదు.

చిరుత చంపితే ఒక దారి

కోటా నుంచి ఉత్తరంగా వెళితే అచానక్‌మార్ అడవి వస్తుంది. 1975లో అభయారణ్యం, 2009లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అడవి అంచు ఊళ్లలో చిరుతపులి ఆవునో మేకనో చంపితే అటవీ శాఖకు చెప్పొచ్చు. వాళ్లొచ్చి చూసి పంచనామా చేస్తే పరిహారానికి దారి ఉంది. ఎంత ఆలస్యమైనా, ఎంత తక్కువైనా అడగడానికి ఒక ఆఫీసు, నింపడానికి ఒక ఫారం ఉన్నాయి. అదే మేకను కుక్క చంపితే ఆ గుమస్తా ఫారం వెనక్కి ఇచ్చేస్తాడు. కాబట్టి చచ్చిన మేకను చూసి, చిరుత పనే అని చెప్పాలన్న ఆశ ఎవరికైనా పుడితే అర్థం చేసుకోవచ్చు. సాధారణంగా గాయమే నిజం చెప్పేస్తుంది. చిరుత గొంతు పట్టి ఒక జంతువును చంపుతుంది, తింటుంది. కుక్కలు వెంటపడి తొడలు, పొదుగు, కడుపు పీకుతాయి. ఒకటి కాదు, కదిలిన ప్రతిదాన్నీ. తినకుండా వదిలేసిన కళేబరాలు ఎక్కువ ఉన్నాయంటే కుక్కలనే అనుమానించాలి. రాత్రికి ఒక్కో కోడి చొప్పున ఆనవాలు లేకుండా మాయమైతే అది నక్కో, అడవి పిల్లో అయ్యే అవకాశం ఎక్కువ. నింద వేసే ముందు ఇది చూసుకోవడం మంచిది.

కుక్కలు చంపిన పశువులకు పరిహారం అసాధ్యమేమీ కాదు. ఈరోడ్, తిరుప్పూర్ జిల్లాల్లో గొర్రెల మందల మీద వరుస దాడులు జరిగి, రైతులు చనిపోయిన గొర్రెలతో రోడ్డెక్కాక, తమిళనాడు ప్రభుత్వం 2025లో పరిహారానికి ఒప్పుకుంది. బిలాస్‌పూర్‌లోనే ఉన్న ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కూడా కుక్క వల్ల జరిగిన నష్టానికి వెల కట్టింది, వేరే సందర్భంలో. బలోదాబాజార్ జిల్లాలో కుక్క మూతి పెట్టిన మధ్యాహ్న భోజనాన్ని పిల్లలకు వడ్డించిన వ్యవహారంలో ఒక్కొక్కరికి 25,000 రూపాయలు ఇవ్వాలని 2025లో రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ రెండింటిలోనూ చెల్లించాల్సింది ప్రభుత్వం. యజమాని ఉన్న కుక్క చేసిన నష్టానికి ప్రభుత్వం ఎందుకు ఇవ్వాలి అనే ప్రశ్న న్యాయమైనదే. అలాంటప్పుడు యజమాని చేత ఇప్పించే మార్గమైనా ఉండాలి.

బీమా ఉందిగా అనవచ్చు. జాతీయ పశుసంపద మిషన్ కింద లబ్ధిదారు కట్టాల్సిన ప్రీమియం వాటాను 2024 ఫిబ్రవరిలో కేంద్రం 15 శాతానికి తగ్గించింది. మేకలు, గొర్రెలు, పందులు దాని పరిధిలో ఉన్నాయి. చెవికి ట్యాగు, పశువైద్యుడి ధ్రువీకరణ ఉంటే మేకకు కొంత వస్తుంది. కోడికి ఆ జాబితాలోనే చోటు లేదు.

ఉన్న దారుల్లో పనికొచ్చేవి

సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగొచ్చు. ఇక్కడ ఇంగ్లిష్ న్యాయం నుంచి వచ్చిన ఒక పాత సూత్రం గుర్తుంచుకోవాలి. కుక్కలాంటి సాధు జంతువు చేసిన హానికి యజమాని బాధ్యుడు కావాలంటే, దానికి ఆ దుర్గుణం ఉందని అతనికి ముందే తెలిసుండాలి. నిర్లక్ష్యాన్ని విడిగా రుజువు చేయగలిగితే సరే, లేదంటే మొదటిసారి తప్పించుకుంటాడు, రెండోసారి కష్టం. అందుకే మొదటి కోడి పోయినప్పుడే రాతపూర్వకంగా చెప్పడం ముఖ్యం. వాట్సాప్ సందేశమైనా సరే, తేదీతో, ఫొటోతో. స్పీడ్ పోస్టులో చిన్న ఉత్తరమైతే ఇంకా మంచిది. ‘మీ కుక్క ఫలానా రోజు మా పెరట్లో ఇది చేసింది, కట్టేసుకోండి’ అన్న రెండు వాక్యాలు చాలు. ‘నాకు తెలియదు’ అనే తలుపు ఆ రోజుతో మూసుకుంటుంది. తర్వాత కూడా వదిలేస్తే 324వ సెక్షన్‌లోని ‘ఎరుక’కూ అదే ఆధారం. నాలుగు కోళ్ల కోసం సివిల్ దావా వేసే ఓపిక ఎవరికీ ఉండదు, నిజమే. కానీ ఆ కాగితం ఊరి పెద్దల ముందు పెట్టినా బరువు ఉంటుంది.

ఎక్కువమందికి తెలియని దారి ఇంకొకటి ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 133) కింద, ప్రమాదకరమైన జంతువును బంధించి ఉంచాలనో, ఇంకో విధంగా తప్పించాలనో యజమానిని ఆదేశించే అధికారం సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు ఉంది. ఇది ఒక ఇంటి గొడవగా వెళితే నిలవదు, పదిమందికి ఇబ్బంది అని చూపించాలి. వీధిలో నాలుగిళ్ల కోళ్లు పోయుంటే నలుగురూ సంతకం పెట్టి ఇవ్వాలి. ఏ వీధిలోనైనా నష్టపోయిన ఇల్లు ఒక్కటే ఉండటం అరుదు.

కాటు తిన్న మేక బతికుంటే వ్యవహారం చట్టం నుంచి వైద్యానికి మారుతుంది. చేతికి తొడుగు వేసుకుని, గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు ధారగా కడగాలి. పశువైద్యుడు చెప్పిన తేదీల్లో రేబిస్ టీకాలు వేయించాలి. చచ్చిపోతుందేమోనని హడావుడిగా కోసి పంచుకోవడం ఊళ్లలో మామూలు. రేబిస్ అనుమానం ఉన్నప్పుడు కోసేవాళ్ల చేతులకే ముప్పు. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను రూపుమాపాలని దేశం 2021లో లక్ష్యం పెట్టుకుంది. గొలుసు లేని, టీకా లేని, ఎవరిదో తేలని కుక్క ఆ లక్ష్యానికి కూడా అడ్డమే.

కంచె గురించి ఒక్క మాట. కోళ్ల కోసం అమ్మే పల్చటి జాలీ కోడిని లోపల ఉంచుతుంది కానీ కుక్కను బయట ఆపదు, పళ్లతో చింపేస్తుంది. వెల్డింగ్ జాలీ కావాలి. అడుగున ఒక అడుగు మేర జాలీని బయటి వైపుకు మడిచి మట్టి కప్పితే తవ్వి దూరడం ఆగుతుంది. తలుపుకు తాడు కాదు, గొళ్లెం. కొట్టం పక్కన పేగులు, ఈకలు పారేస్తే ఎంత కంచె కట్టినా పిలిచి భోజనం పెట్టినట్టే. అయితే ఈ ఖర్చంతా కోడి పెంచేవాళ్ల మీదే ఎందుకు పడాలన్నది వదిలేయకూడని ప్రశ్న. ఆపరేషన్లు చేస్తే సంఖ్య తగ్గుతుంది, కానీ కోడిని తరమడం నేర్చిన కుక్క ఆపరేషన్ తర్వాత దాన్ని మరిచిపోదు.

బ్రిటన్ ఈ లెక్కను ఎప్పుడో తేల్చింది. అక్కడి 1953 నాటి చట్టం ప్రకారం వ్యవసాయ భూమిలో పశువులను వేధించిన కుక్క యజమాని నేరస్థుడు. ఆ పశువుల నిర్వచనంలో కోళ్లూ ఉన్నాయి. 1971 చట్టం ఇంకో అడుగు వేసి, పశువులను చంపిన కుక్క విషయంలో ‘దాని గుణం నాకు తెలియదు’ అనే వాదనకే తావు లేకుండా చేసింది. మనకు 1871 చట్టం ఇచ్చిన పాలకులు తమ ఇంట్లో దాన్ని దిద్దుకున్నారు, మనం అలాగే ఉంచుకున్నాం.

దిద్దడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 16వ అంశం బందెలదొడ్లు, పశువుల అక్రమ ప్రవేశం. వీధి కుక్కల జోలికి వెళితే కేంద్ర నిబంధనలు అడ్డొస్తాయి. యజమాని ఉన్న కుక్కకు, అది పొరుగు పెరట్లో చేసిన నష్టానికి రాష్ట్రం నియమం పెట్టుకోవచ్చు. ఛత్తీస్‌గఢ్ 2020లో ‘రోకా-ఛేకా’ పేరుతో పంటల మీద పడే పశువులను కట్టడి చేయడానికి ఊరూరా ప్రచారం చేసింది. అప్పుడు జనం చేత ప్రతిజ్ఞలు చేయించిన యంత్రాంగమే ఇప్పుడూ ఉంది. ఆ లోగా నగర పంచాయతీ స్థాయిలో కావాల్సింది, పెద్ద నగరాలు ఇప్పటికే కాగితం మీద చేస్తున్నదే: పెంపుడు కుక్కల పేర్లు రాసుకోవడం, మెడకు నంబరు బిళ్ల, పక్కన టీకా తేదీ. పొద్దున్నే తడిక పక్కన కోడి ఈకలు కనిపించినప్పుడు, ‘అది మాది కాదు’ అన్న మాటను సరిచూడటానికి కనీసం ఒక రిజిస్టరు ఉంటుంది.